ఇంటిపేరు, బిరుదు, వారసత్వం: ఎలియట్ వంశాలూ గుంటూరు సీమ జమీందారులూ

ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల స్థానిక చరిత్రను పరిశీలించేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కైఫీయతుల్లో, దేవాలయ శాసనాల్లో, రెవిన్యూ కాగితాల్లో ఒకే ఇంటిపేరు గల వ్యక్తులు అనేకులు కనిపిస్తారు. వారిలో కొందరి పేరుకు ముందు ‘రాజా’ ఉంటుంది, కొందరికి ఉండదు. తండ్రికి ఉన్న బిరుదు కొడుకుకు లేకపోవచ్చు. కొడుకు అని రాసిన వ్యక్తి పుట్టింటి పేరు వేరై ఉండవచ్చు. ఈ తేడాలను పట్టించుకోక, ఇంటిపేరు కలిసిన వారందరినీ ఒకే రాజవంశంగా కూర్చి వంశవృక్షాలు గీసే అలవాటు మన స్థల చరిత్రల్లో బలంగా ఉంది. ఇంటిపేరు, బిరుదు, భూమి అనే మూడూ వేర్వేరు మార్గాల్లో సంక్రమిస్తాయన్న సంగతి ఆ వంశవృక్షాల్లో మరుగున పడుతుంది.

ఈ మూడింటి సంబంధాన్ని బ్రిటిష్ వారసత్వ బిరుదులతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోలికకు ఎలియట్ అనే ఇంటిపేరును ఎన్నుకోవడానికి కారణం ఉంది. గుంటూరు జమీందారీల పతనంపై 1845లో విచారణకు వచ్చిన అధికారి వాల్టర్ ఎలియట్. అదే ఇంటిపేరు గల వేరొక శాఖవారు మింటో ప్రభువులుగా రెండుసార్లు భారతదేశాన్ని పాలించారు. బ్రిటన్‌లో బిరుదు రాజపత్రాన్నీ రక్తసంబంధాన్నీ అనుసరించింది. గుంటూరు సీమలో అది పదవినీ శిస్తునూ అనుసరించింది. రెండవ వ్యవస్థను మొదటి వ్యవస్థకు చెందిన న్యాయస్థానం తూచినప్పుడు ఏం జరిగిందో చూపడమే ఇక్కడి ప్రధాన ప్రతిపాదన.

ఒక ఇంటిపేరు, అనేక బిరుదులు

బ్రిటిష్ వారసత్వ బిరుదుల్లో ప్రభువర్గానికి చెందినవి ఐదు: డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. వీటి కింద బారొనెట్ అనే మరొక వారసత్వ హోదా ఉంది. దీనిని మొదటి జేమ్స్ రాజు 1611లో స్థాపించాడు. ముప్పైమంది సైనికులకు మూడేళ్ల జీతానికి సరిపడే 1,095 పౌండ్లు ఖజానాకు చెల్లించగలవారికి ఆ హోదా దక్కింది. బారొనెట్‌కు ప్రభుసభలో స్థానం లేదు. పేరుకు ముందు ‘సర్’ మాత్రం తరతరాలకూ వస్తుంది. ఈ బిరుదుల్లో అధికభాగం, రాజపత్రంలో పేర్కొన్న మొదటి గ్రహీత ఔరస సంతతిలో పురుష పరంపరకే చెందుతాయి. ఆ పరంపర తెగిపోతే, అదే ఇంటిపేరు గలవారు ఎందరున్నా బిరుదు అంతరిస్తుంది.

స్కాట్లండ్ దక్షిణ సరిహద్దు ప్రాంతపు ఎలియట్‌లు దీనికి మంచి ఉదాహరణ. స్టాబ్స్ శాఖకు 1666లో ఒక బారొనెట్ హోదా, మింటో శాఖకు 1700లో వేరొక బారొనెట్ హోదా లభించాయి. స్టాబ్స్ శాఖలో పుట్టిన జార్జ్ అగస్టస్ ఎలియట్ జిబ్రాల్టర్ కోటను రక్షించినందుకు 1787లో హీత్‌ఫీల్డ్ బారన్ అయ్యాడు. ఆయన కుమారుడు సంతానం లేకుండా 1813లో మరణించడంతో ఆ బిరుదు అంతరించింది. స్టాబ్స్ బారొనెట్ హోదా మాత్రం వేరే పరంపరలో కొనసాగింది. అదే 1813లో, హీత్‌ఫీల్డ్ బిరుదు పోయిన ఏడాదే, మింటో శాఖకు చెందిన గిల్బర్ట్ ఎలియట్ ఎర్ల్ ఆఫ్ మింటో అయ్యాడు. దూరాన కార్న్‌వాల్‌లోని ఎలియట్ కుటుంబం 1815లో సెయింట్ జర్మన్స్ ఎర్ల్ బిరుదు పొందింది. ఆంగ్లంలో ఈ శాఖలు తమ పేరును వేర్వేరు వర్ణక్రమాలతో రాసుకొంటాయి. అక్షరం ఒకటి పెరిగినా తగ్గినా శాఖ మారుతుంది. తెలుగు లిపిలోకి రాగానే ఆ తేడా చెరిగిపోయి అందరూ ‘ఎలియట్’లే అవుతారు. మన ఇంటిపేర్లను ఆంగ్ల రికార్డుల్లో చదివేటప్పుడు ఇదే ప్రమాదం ఎదురుదిశలో ఉంటుంది.

ఒకే ఇంటిపేరు గల బారొనెట్‌లను గుర్తించడానికి బ్రిటన్‌లో పేరు పక్కన స్థలనామం చేర్చే పద్ధతి ఉంది. అర్హత లేనివారు ఆ హోదాను వాడుకొంటున్నారన్న ఫిర్యాదుల మీద 1910లో ఒక అధికారిక పట్టికను కూడా ఏర్పాటు చేశారు. అందులో పేరు ఎక్కడానికి వారసుడు తన జన్మక్రమాన్ని రుజువు చేసుకోవాలి. ఇంటిపేరు అక్కడ సాక్ష్యంగా చెల్లదు.

గుంటూరు సీమలో బిరుదుకు ఆధారం

కొండవీటి సీమలో పెద్ద కుటుంబాల ప్రాబల్యానికి మూలం రెవిన్యూ పదవుల్లో ఉంది. గోల్కొండ, మొగలాయి పాలనల్లో శిస్తు వసూలుకు దేశముఖులు, లెక్కలకు దేశపాండ్యులు, మజుందార్లు ఉండేవారు. ఈ పదవులు వంశపారంపర్యంగా సాగాయి. చింతపల్లి, తరువాత అమరావతి కేంద్రంగా వాసిరెడ్డి వారు, నరసరావుపేటలో మల్రాజు వారు, చిలకలూరిపేటలో మానూరి వారు, రేపల్లెలో మాణిక్యారావు వారు ఇటువంటి పదవుల నుంచే జమీందారులుగా ఎదిగారు. ‘మాణిక్యారావు’ అనేది మొదట వ్యక్తినామం. క్రమంగా అది కుటుంబానికే పేరుగా స్థిరపడింది. వ్యక్తినామం ఇంటిపేరు కావడం, ‘రావు’ వంటి గౌరవవాచకం పేరులో భాగం కావడం ఈ సీమలో సహజ పరిణామాలు. ఊళ్లు కూడా ఈ క్రమంలోకే వచ్చాయి. అట్లూరు అనే గ్రామం మల్రాజు నరసారావు పేరుతో నరసరావుపేట అయింది. కృష్ణకు ఆవల బేతవోలు, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి తండ్రి జగ్గయ్య పేరుతో జగ్గయ్యపేట అయింది.

ఈస్టిండియా కంపెనీకి ఉత్తర సర్కార్లు 1765–66లో దక్కినా, గుంటూరు సర్కారు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా మిగిలింది. బసాలత్ జంగ్ 1782లో మరణించిన తరువాత, 1788లో మాత్రమే అది కంపెనీ చేతికి వచ్చింది. 1802లో మద్రాసు ప్రభుత్వం చేసిన 25వ రెగ్యులేషన్ ప్రకారం శాశ్వత శిస్తు నిర్ణయం జరిగింది. జమీందారు ఏటా చెల్లించవలసిన పేష్కష్ స్థిరమైంది. చెల్లించకపోతే జమీని వేలం వేసే అధికారం సర్కారుకు వచ్చింది. అంతవరకు పదవిగా ఉన్నది ఈ రెగ్యులేషన్‌తో ఆస్తిగా మారింది. ఆస్తి అయినది అమ్ముడుపోవచ్చు, అప్పుకు జప్తు కావచ్చు, పంచుకోవలసి రావచ్చు. దానిపై ఆధారపడిన బిరుదు స్థితి కూడా ఆనాటి నుంచే అస్థిరమైంది.

వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఈ రెండు కాలాల సంధిలో నిలిచిన వ్యక్తి. ఆయన 18వ శతాబ్ది చివరి దశకంలో రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాడు. కొత్త పట్టణానికి ఇటుక, రాయి తవ్వుతున్న సందర్భంలోనే దీపాలదిన్నె వద్ద శిల్పాలు బయటపడ్డాయి. ఆ వార్త విని కాలిన్ మెకంజీ 1798 ప్రాంతంలో అక్కడికి వచ్చాడు. చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ ఆలయం, 1807–1809 మధ్య మంగళగిరిలో నిర్మితమైన పదకొండు అంతస్తుల గాలిగోపురం వేంకటాద్రి నాయుడి కీర్తికి నిలిచిన గుర్తులు. ఆయన పేరుతో వినిపించే ‘మన్నె సుల్తాన్ బహదూర్’ అనే బిరుదులో మూడు మూలాల పదాలున్నాయి. మన్నె తెలుగు, సుల్తాన్ అరబ్బీ, బహదూర్ పారసీ దర్బారు పదం. ఈ కలయికలో ‘ఔరస పురుష సంతతికి’ వంటి షరతు ఏదీ లేదు. ఆలయానికి దానమిచ్చి, పరివారాన్ని పోషించి, శిస్తు చెల్లించి, దర్బారు మర్యాద పొందినంతకాలం ఆ బిరుదు చెల్లుతుంది. దాని నిలకడ జమీందారు సామర్థ్యం మీద ఆధారపడింది.

మంగళగిరి గోపురం లేస్తున్న ఆ సంవత్సరాల్లో గవర్నర్ జనరల్‌గా ఉన్నవాడు మింటో శాఖకు చెందిన గిల్బర్ట్ ఎలియట్. 1809లో మచిలీపట్నం కంటోన్మెంటులో మొదలైన బ్రిటిష్ సైనికాధికారుల తిరుగుబాటును చల్లార్చడానికి ఆయన స్వయంగా మద్రాసు వచ్చాడు. ఆయన మునిమనుమడు నాలుగవ మింటో ప్రభువు 1905–1910 మధ్య వైస్రాయి అయ్యాడు. తాత బిరుదు మునిమనుమడిదాకా చెదరకుండా సాగింది. వేంకటాద్రి నాయుడి బిరుదు తరువాతి తరంలోనే న్యాయస్థానం మెట్లెక్కింది.

ఇద్దరు దత్తపుత్రులు

వేంకటాద్రి నాయుడికి పుత్రసంతానం లేదు. మొదట జగన్నాథ బాబును, అతడు జీవించి ఉండగానే రామనాథ బాబును దత్తత చేసుకొన్నాడు. 1816లో ఆయన మరణించగానే వారసత్వ వివాదం బయటికి వచ్చింది. అది జిల్లా కోర్టు నుంచి మద్రాసు సదర్ అదాలత్‌కు, అక్కడి నుంచి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు చేరింది. రంగమ్మ, అచ్చమ్మ అనే ఇద్దరు స్త్రీల పేర్లతో న్యాయగ్రంథాల్లో నిలిచిపోయిన ఈ వ్యాజ్యంలో 1846లో తీర్పు వెలువడింది. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదన్నది ఆ తీర్పు సారం. జమీందారు మరణానికీ ఈ తీర్పుకూ మధ్య 30 ఏళ్లు గడిచాయి. హిందూ దత్తత న్యాయంలో ఈ సూత్రం తరువాతి కాలమంతా ప్రమాణంగా నిలిచింది.

తీర్పులోని ధర్మశాస్త్ర సమన్వయం సరైనదా కాదా అన్నది న్యాయపండితుల విషయం. చరిత్ర విద్యార్థికి ముఖ్యమైనది ఆ ప్రశ్న వేసిన తీరు. వేంకటాద్రి నాయుడి దృష్టిలో దత్తత పితృకార్యానికీ, వంశం పేరు నిలబెట్టడానికీ, విశాలమైన జమీని నడిపించడానికీ ఉపాయం. ఇద్దరిని తెచ్చుకోవడంలో రాజకీయ వివేకం కూడా ఉండవచ్చు. న్యాయస్థానం ముందు మాత్రం నిలిచిన ప్రశ్న ఒక్కటే: శాస్త్రరీత్యా కొడుకు ఎవరు? ఆ కొడుకుకు జమీని నడిపే శక్తి ఉందా, గ్రామాలు అతడిని అంగీకరించాయా అన్న సంగతులకు అక్కడ తావు లేదు. బ్రిటిష్ బిరుదు వివాదాల్లో వేసే ప్రశ్న కూడా ఇదే స్వభావం గలది. అక్కడ బిరుదు వెంట రైతుల శిస్తు లేదు కాబట్టి, వివాదం 30 ఏళ్లు సాగినా ఊరు ఆకలితో ఉండదు. ఇక్కడ జమీ మీదే ఊళ్ల చెరువులూ వసూళ్లూ ఆధారపడి ఉన్నాయి.

వాల్టర్ ఎలియట్ విచారణ

వ్యాజ్యం నడుస్తున్న కాలంలోనే 1832–33 నాటి నందన కరువు వచ్చింది. గుంటూరు జిల్లా ప్రజల్లో పెద్ద భాగం మరణించింది, మరికొందరు ఊళ్లు విడిచి వెళ్లారు. పొలాలు బీళ్లుపడ్డాయి. పేష్కష్ మాత్రం 1802 లెక్క ప్రకారమే చెల్లించవలసి ఉంది. వారసత్వ తగాదాలు, కోర్టు ఖర్చులు, అప్పులు, కచేరీ ఉద్యోగుల చేతివాటం కలిసి బకాయిలు పేరుకుపోయాయి. 1845లో మద్రాసు ప్రభుత్వం వాల్టర్ ఎలియట్‌ను ప్రత్యేక విచారణకు పంపింది. 1846లో ఆయన నివేదిక సమర్పించాడు. బకాయిల కింద వేలానికి వచ్చిన గుంటూరు జమీలను సర్కారే తీసుకొని నేరుగా పాలించే మార్గం దానితో ఖాయమైంది. జిల్లా యంత్రాంగం స్థానిక ఉద్యోగుల పట్టులో ఎంతగా ఇరుక్కుపోయిందో కూడా ఆ విచారణ బయటపెట్టింది. రాబర్ట్ ఫ్రికెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్రకు ఈ అంశమే కేంద్రం.

ప్రీవీ కౌన్సిల్ తీర్పు, ఎలియట్ నివేదిక ఒకే సంవత్సరానికి చెందడం గమనించదగ్గది. వారసుడు ఎవరో లండన్‌లో తేలే సమయానికి, అతడికి వారసత్వంగా రావలసిన జమీ గుంటూరులో చేజారిపోతున్నది.

వాల్టర్ ఎలియట్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన వుల్ఫెలీ అనే ఊరికి చెందిన ఎలియట్ కుటుంబీకుడు. మింటో ప్రభువుల ఇంటిపేరే ఆయనదీ, సరిహద్దు ప్రాంతమూ అదే. అయినా వారసత్వ బిరుదు ఏదీ ఆయనకు లేదు. 1866లో లభించిన ‘సర్’ హోదా వ్యక్తిగతమైనది, ఆయనతోనే ముగిసింది. గుంటూరులో ఉన్న ఆ రోజుల్లోనే ఆయన అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించాడు. ఆ శిల్పాలు మొదట మద్రాసుకూ, తరువాత లండన్‌కూ వెళ్లి ‘ఎలియట్ పాలరాళ్లు’ అన్న పేరు పొందాయి. తెలుగు జిల్లాల మొక్కల దేశీయ నామాలను సేకరించి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ ప్రచురించాడు. బిరుదు ఆయనతో పోయినా ఇంటిపేరు రాళ్లకు అంటుకొని మిగిలింది. వాసిరెడ్డి రాజధానికి దిగువన దొరికిన శిల్పాలు ఎలియట్ పేరుతో పిలవబడటం ఆ కాలపు అధికార సంబంధాలను స్పష్టంగా చూపుతుంది.

దత్తతను అంగీకరించే వ్యవస్థ, అంగీకరించని వ్యవస్థ

రెండు వ్యవస్థల మధ్య మౌలికమైన తేడా దత్తత. ఇంగ్లండులో చట్టబద్ధమైన దత్తత 1926 చట్టంతోనే మొదలైంది. నేటికీ దత్తపుత్రుడు ప్రభు బిరుదుకు వారసుడు కాలేడు. దత్తతను గుర్తించకుండా దేశీయ సంస్థానాలను కలుపుకొన్న డల్హౌసీ ప్రభువు సంగతే చూడవచ్చు. 1849లో పొందిన మార్క్వెస్ బిరుదుకు ఆయనకు కొడుకు లేడు. 1860లో మరణించగానే ఆ బిరుదు రద్దయింది. పాత స్కాటిష్ ఎర్ల్ బిరుదు మాత్రం దాయాదికి వెళ్లింది. దేశీయ రాజులకు దత్తత సనదులిచ్చిన కానింగ్ ప్రభువు 1862లో నిస్సంతుగా మరణించడంతో ఆయన బిరుదులూ అంతరించాయి. ఇతరులకు అనుమతించిన మార్గం ఆయనకు తన దేశపు చట్టంలో లేదు.

తెలుగు సీమలో దత్తత బిరుదుకు ప్రాణవాయువు వంటిది. ప్రకాశం జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాలు ఒకప్పుడు వెంకటగిరి జమీలో భాగం. ఆ వెలుగోటి ఇంట 1862లో పుట్టిన బాలుడు బొబ్బిలికి దత్తు వెళ్లి వేంకట శ్వేతాచలపతి రంగారావుగా ప్రసిద్ధుడయ్యాడు. అన్న వెలుగోటి రాజగోపాలకృష్ణ యాచేంద్రగా వెంకటగిరిని పాలించాడు. ఒకే తల్లిదండ్రుల పిల్లలు రెండు ఇంటిపేర్లతో రెండు సంస్థానాల రాజులయ్యారు. ఎలియట్‌ల విషయంలో ఒకే ఇంటిపేరు వెనుక వేర్వేరు రక్తపరంపరలున్నాయి. వెలుగోటి వారి విషయంలో ఒకే రక్తం వెనుక వేర్వేరు ఇంటిపేర్లున్నాయి. ఇంటిపేరు చూసి వంశాన్ని నిర్ణయించే పద్ధతి రెండు చోట్లా విఫలమవుతుంది.

దత్తత కూడా వివాదరహితం కాలేదు. పిఠాపురం రాజా గంగాధర రామారావు వెంకటగిరి వంశం నుంచి దత్తత తెచ్చుకొన్న తరువాత 1885లో సూర్యారావు జన్మించాడు. రాజా తన వీలునామాలో సంస్థానాన్ని సూర్యారావుకు రాశాడు. దత్తపుత్రుడు వేసిన దావాలో 1899లో ప్రీవీ కౌన్సిల్ వీలునామానే సమర్థించింది. అవిభాజ్యమైన సంస్థానాన్ని యజమాని తన ఇష్టానుసారం ఇచ్చివేయవచ్చన్నది ఆ తీర్పు తాత్పర్యం. తరువాత 1904లో మద్రాసు ప్రభుత్వం అవిభాజ్య సంస్థానాల చట్టం చేసి, జమీందారుల అన్యాక్రాంత అధికారానికి హద్దులు పెట్టింది. తెలుగు పాఠకులకు సూర్యారావు పేరు సూర్యరాయాంధ్ర నిఘంటువు వల్ల సుపరిచితం. ఆ నిఘంటువుకు పోషకుడైన రాజా స్థానం ఒక వీలునామా మీద, లండన్‌లోని ఒక తీర్పు మీద నిలిచింది.

పేరును చట్టంతో కట్టడం

బ్రిటిష్ వారసత్వ బిరుదులు నేరుగా పొందిన భారతీయ కుటుంబాలు ప్రధానంగా బొంబాయి వర్తక వర్గానికి చెందినవి. మొదటివాడు జంషెడ్జీ జీజీభాయ్, 1857లో బారొనెట్ అయ్యాడు. పార్సీలలో తండ్రి పేరే కొడుకుకు రెండవ పేరు కావడంతో ప్రతి తరానికీ పేరు మారేది. బిరుదు ఏ పేరుకు అంటుకోవాలన్న చిక్కు వచ్చింది. 1860లో శాసనసభ ప్రత్యేక చట్టం చేసి, బిరుదు సంక్రమించిన ప్రతివాడూ తన పేరు వదలి ‘జంషెడ్జీ జీజీభాయ్’ అన్న పేరే ధరించాలని విధించింది. హోదాకు తగిన ఆదాయం నిలిచేలా ఆస్తిని కూడా ధర్మకర్తల ఆధీనంలో ఉంచారు. పేరు, బిరుదు, ఆస్తి అనే మూడింటినీ విడిపోకుండా ముడివేసిన అరుదైన ఏర్పాటు ఇది. గుంటూరు జమీలకు అటువంటి రక్ష ఏదీ లేదన్న సంగతి దీనితో పోల్చినప్పుడు తేటపడుతుంది.

ప్రభువర్గంలో వారసత్వ స్థానం పొందిన భారతీయుడు సత్యేంద్ర ప్రసన్న సిన్హా, 1919లో రాయపూర్ బారన్ అయ్యాడు. 1928లో ఆయన మరణించిన తరువాత కుమారుడు ప్రభుసభలో స్థానం కోరగా, తల్లిదండ్రుల హిందూ వివాహం ఏకపత్నీ నియమానికి లోబడినదేనా అన్న ప్రశ్న లేవదీశారు. దంపతులు బ్రహ్మసమాజంలో చేరడం వల్ల ఆ వివాహం ఏకపత్నీ వివాహమైందని తేల్చి 1939లో అతడి హక్కును అంగీకరించారు. వేంకటాద్రి నాయుడి కొడుకు ఎవరన్న ప్రశ్నకూ సిన్హా కొడుకు వారసుడా అన్న ప్రశ్నకూ మధ్య శతాబ్ది దాటింది. తూకపు రాయి మాత్రం మారలేదు.

భూమి పోయిన తరువాత

గుంటూరులో వాసిరెడ్డి వారి ప్రధాన జమీ పోయినా, కృష్ణకు ఆవలి ఒడ్డున ముక్త్యాల శాఖ జమీ కొనసాగింది. ఆ శాఖకు చెందిన వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నందికొండ వద్ద ఆనకట్ట కోసం పట్టుదలతో కృషి చేశాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. దాని కుడికాలువ నేడు గుంటూరు, పల్నాడు, ప్రకాశం మెట్టపొలాలకు నీరిస్తున్నది. పత్తి, మిరప పండించే రైతు ‘ముక్త్యాల రాజా’ అన్న మాటను గౌరవంగా పలకడానికి కారణం రాజపత్రంలోనో సనదులోనో లేదు. జమీ రద్దయిన తరువాత కూడా జనం నోట నిలిచిన బిరుదు అది.

ఈ సీమలోనే రైతు పక్షపు వాదమూ రూపుదిద్దుకొంది. ఒంగోలు ప్రాంతపు వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం, 1937లో మద్రాసు రెవిన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించాడు. భూమిపై యాజమాన్యం రైతుదేననీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ 1938 నాటి నివేదిక తేల్చింది. ఒక విధంగా అది 1802కు పూర్వపు స్థితిని గుర్తుచేసిన వాదం. ఆస్తిగా మారినదాన్ని మళ్లీ పదవిగా చూపించింది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. 1950లో రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల ప్రదానాన్ని నిషేధించింది.

పెద్ద జమీలు పోయినా చిన్న వారసత్వాలు మిగిలాయి. 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం గ్రామ మునసబు, కరణం పదవులు వంశపారంపర్యమైనవి. తెనాలి తాలూకా పెరవలి గ్రామాన్ని రెండుగా విభజించినప్పుడు, కొత్త ఊరి మునసబు పదవిని పాత మునసబు కుటుంబానికే ఇవ్వాలా అన్న వివాదం తలెత్తింది. 1960 డిసెంబరులో సుప్రీం కోర్టు, వంశం ఒక్కటే ఆధారంగా ప్రభుత్వ పదవి ఇవ్వడం 16వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ గ్రామాధికార పదవులనే రద్దు చేసింది. బ్రిటన్ కూడా 1999 చట్టంతో ప్రభుసభలో వారసత్వ సభ్యుల సంఖ్యను 92కు కుదించింది. అక్కడ ఆసనం పోయినా బిరుదు మిగిలింది. ఇక్కడ పదవితో పాటే దాని అర్థమూ ముగిసింది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఇంటిపేరు వంశానికి సూచన మాత్రమే. ఎలియట్‌ల మాదిరిగా ఒకే పేరు అనేక పరంపరలను దాచవచ్చు, వెలుగోటి సోదరుల మాదిరిగా ఒకే పరంపర అనేక పేర్లలోకి చీలవచ్చు. రెండవది, గుంటూరు సీమలో బిరుదుకు ఆధారం పదవీ నిర్వహణ. 1802 రెగ్యులేషన్ ఆ పదవిని ఆస్తిగా మార్చి, న్యాయస్థానం దానిని పుత్రత్వానికి సంబంధించిన ప్రశ్నగా కుదించింది. మూడవది, ఈ మార్పు మూల్యాన్ని వాదిప్రతివాదులతో పాటు నందన కరువులో బతికిన, చనిపోయిన రైతులు కూడా చెల్లించారు. వారి ఇంటిపేర్లు ఆ తీర్పుల్లో ఎక్కడా లేవు.

స్థల చరిత్రలు రాసేవారు వాసిరెడ్డి, మల్రాజు, మానూరి వంటి పేర్లు తారసపడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఆ వ్యక్తి ఏ ఊరి శాఖవాడు? జన్మచేతనా, దత్తతచేతనా ఆ ఇంటివాడు? బిరుదు ఎవరి నుంచి, ఏ పదవికి వచ్చింది? ఆ సంవత్సరంలో జమీ ఎవరి స్వాధీనంలో ఉంది? ఈ నాలుగింటికి రికార్డుల్లో సమాధానం దొరికే చోట వంశచరిత్ర రాయవచ్చు. దొరకని చోట ఇంటిపేరును ఇంటిపేరుగానే నమోదు చేయడం చరిత్రకు న్యాయం చేయడమవుతుంది.